ఐస్ షోలో బొమ్మలకీ తిండికీ ఎంతవుతుంది? పిల్లల్ని తీసుకెళ్ళే ముందు వేసుకోవాల్సిన లెక్క

మా పెద్దదానికి ఐదేళ్ళు, చిన్నవాడికి రెండు నిండిన ఏడాది మొదటిసారి డాలస్‌లో ఐస్ షోకి, అంటే మంచు మీద స్కేటింగ్ చేస్తూ కార్టూన్ కథలు ఆడే ప్రదర్శనకి వెళ్ళాం. నాలుగు టికెట్ల డబ్బు, 140 డాలర్లు, రెండు నెలల ముందే కట్టేశాం కాబట్టి ఖర్చు గట్టెక్కేసిందనే ధీమాతో వెళ్ళాను. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో కార్డు లెక్క చూసుకుంటే లోపల కొన్నవాటికే 166 డాలర్లు. రెండు లైట్ల బొమ్మలు, రెండు స్నో కోన్‌లు (రంగు పాకం పోసిన మంచు తురుము), ఒక పీచు మిఠాయి, ఒక పాప్‌కార్న్, రెండు నీళ్ళ సీసాలు. అంతే, ఇంకేం లేవు. ఆటకంటే అటుకులకే ఎక్కువైంది.

ఎవరూ మోసం చేయలేదు. ధరలు బోర్డు మీద రాసే ఉన్నాయి. ఒక చంకలో చిన్నవాడు, ఇంకో చేతిలో జాకెట్లు, ముందు పరిగెడుతున్న పెద్దది. ఆ పరిస్థితిలో బోర్డు చదివే తీరిక ఎవరికుంటుంది? కార్డు తాకించి ముందుకు కదిలాను.

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్ళాం. ఇప్పుడు 75 డాలర్ల లోపు బయటపడుతున్నాం, పిల్లలు ఏడవడమూ లేదు. తక్కువ కొనడం ఒక్కటే కారణం కాదు. ఎక్కడ, ఏ నిమిషంలో చెయ్యి జేబులోకి పోతుందో ముందే తెలుసుకున్నాం. ఆ సంగతులే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఈ షోల తీరు తెలియాలి

అమెరికాలో పిల్లల ఐస్ షో అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది డిస్నీ ఆన్ ఐస్. ఫెల్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ దీన్ని 1981 నుంచి ఊరూరా తిప్పుతోంది. మన పాత టూరింగ్ టాకీస్ లెక్కన, ఒక ఊళ్ళో నాలుగైదు రోజులు ఆడి సామాను సర్దుకుని ఇంకో ఊరికి పోతుంది. డాలస్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్, ఫోర్ట్ వర్త్‌లో డికీస్ అరీనా, న్యూజెర్సీలో ప్రుడెన్షియల్ సెంటర్ లాంటి పెద్ద ఇండోర్ స్టేడియాల్లో (అరీనాల్లో) ఆడుతుంది. ఇంటర్వెల్‌తో కలిపి సుమారు రెండు గంటలు. ఇంటర్వెల్ పదిహేను, ఇరవై నిమిషాలు.

నేను హైదరాబాద్‌లో పెరిగాను. మాకు జనవరి ఒకటో తారీఖు వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్. అక్కడ మా నాన్నది ఒకటే రూలు: వెళ్ళేటప్పుడు చూడు, వచ్చేటప్పుడు కొను. బుడగ కావాలన్నా, బాకా కావాలన్నా, ఒక చుట్టు తిరిగాక ఇంకా గుర్తుంటేనే కొనిపెట్టేవాడు. సగం కోరికలు మిర్చి బజ్జీల దుకాణం దగ్గరకి వచ్చేసరికే ఆవిరైపోయేవి. అది గొప్ప రూలు. కానీ ఐస్ షోలో సగమే పనిచేస్తుంది. ఎందుకంటే ఇక్కడ ముఖ్యమైన సరుకు చీకట్లో వెలిగే బొమ్మ. దాని అవసరమంతా షో నడిచే ఆ రెండు గంటలే. బయటికొచ్చేటప్పుడు కొంటే మధ్యాహ్నం ఎండలో లైట్ల బొమ్మ తిప్పుకుంటూ పార్కింగ్‌కి నడవాలి. అందుకే ఆ రూలుని కాస్త మార్చుకోవాల్సి వచ్చింది.

మొదటి పని: ధరల మీద ఒక అంచనా

లోపల రెండు రకాల కౌంటర్లు ఉంటాయి. ఒకటి షో వాళ్ళది: బొమ్మలు, టీషర్టులు, కార్టూన్ బొమ్మ తల ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ కప్పులో పోసిచ్చే స్నో కోన్, టోపీయో కిరీటమో అతికించిన పీచు మిఠాయి, రంగుల డబ్బాలో పాప్‌కార్న్. రెండోది అరీనా వాళ్ళది: పిజ్జా, హాట్ డాగ్, నాచోస్, ఫ్రైస్, కూల్ డ్రింకులు, కాఫీ. మామూలుగా బాస్కెట్‌బాల్ మ్యాచ్ రోజున ఉండేవే ఇవి. ఈ తేడా గుర్తుంటే ఒక లాభం ఉంది. ఒట్టి పాప్‌కార్న్ చాలనుకుంటే అరీనా కౌంటర్లో మామూలు డబ్బాలో దొరుకుతుంది. షో కౌంటర్లో అదే పాప్‌కార్న్‌కి బొమ్మ డబ్బా ధర కూడా కలుస్తుంది.

నేను వెళ్ళిన షోలలో చూసిన ధరలు ఇంచుమించు ఇలా ఉన్నాయి. తిరిగే లైట్ల బొమ్మ, మంత్రదండం, బుడగలు వదిలే దండం లాంటివి 30 నుంచి 40 డాలర్లు. కప్పులో స్నో కోన్ 18 నుంచి 22. పీచు మిఠాయి దగ్గర దగ్గర అంతే. పాప్‌కార్న్ 12 నుంచి 16. నీళ్ళ సీసా 5 లేదా 6. టీషర్టు 30 పైమాటే. ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి కాబట్టి వీటికి ఇంకో పది శాతం కలిపి లెక్క వేసుకోండి.

బోర్డు మీద అంకెకి పైన పన్ను ఉంటుందన్నది చాలామంది మరిచిపోయే సంగతి. డాలస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం. 35 డాలర్ల బొమ్మ చేతికొచ్చేసరికి దాదాపు 38 అవుతుంది. దానికి తోడు కొన్ని కౌంటర్లలో కార్డు తాకించగానే తెర మీద 18, 20, 22 శాతం టిప్ గుర్తులు కనిపిస్తాయి. అరలోంచి తీసి ఇచ్చిన బొమ్మకి టిప్ ఇవ్వాలనే నియమం ఏమీ లేదు. వద్దన్న బటన్ కిందెక్కడో చిన్నగా ఉంటుంది. వెనకాల లైను ఉందని కంగారుపడి ఏదో ఒకటి నొక్కేయకండి. నేను ఒకసారి నొక్కాను. గుప్పెడు పంచదారకి నాలుగు డాలర్ల టిప్!

రెండో పని: ఏ ఆటకి వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి

దీనికీ బడ్జెట్‌కీ ఏమిటి సంబంధం అనుకుంటారు. చాలా ఉంది.

శనివారం సాధారణంగా మూడు ఆటలుంటాయి: ఉదయం 11కి, మధ్యాహ్నం 3కి, సాయంత్రం 7కి. పదకొండు గంటల ఆటకి వెళ్తే ఇంటర్వెల్ సరిగ్గా పన్నెండు ప్రాంతంలో, అంటే పిల్లల కడుపులో ఎలుకలు పరిగెత్తే వేళకి వస్తుంది. అప్పుడు పాప్‌కార్న్‌తో సరిపోదు. నలుగురికి పిజ్జా ముక్కలు, డ్రింకులు అంటే 50 డాలర్లు సునాయాసంగా పోతాయి. ఏడు గంటల ఆటకి రాత్రి భోజనం ఇబ్బంది, పైగా చిన్నపిల్లలకి నిద్రమత్తు. నిద్రమత్తులో ఉన్న పిల్లవాడికి ఏ ఒప్పందమూ గుర్తుండదు. మూడు గంటల ఆటైతే ఇంట్లో పప్పూ అన్నం తినిపించి తీసుకెళ్ళొచ్చు, ఆరింటికల్లా ఇంటికొచ్చి పడొచ్చు. టికెట్ ఐదు డాలర్లు ఎక్కువైనా నేను మూడు గంటల ఆటే తీసుకుంటాను.

ఇక సీటు. అమ్మేవాళ్ళు మెట్ల దారుల్లో పైకీ కిందకీ తిరుగుతుంటారు, చేతినిండా వెలిగే బొమ్మలతో. దారి పక్క సీటులో కూర్చున్న నాలుగేళ్ళ పిల్లవాడి కళ్ళకి ఆ బొమ్మలు సరిగ్గా జానెడు దూరంలో ఉంటాయి. 'అడగందే అమ్మైనా పెట్టదు' అంటారు గానీ, ఇక్కడ అడగకుండానే ముక్కు దగ్గరికి తెచ్చి చూపిస్తారు. వరస మధ్యలో కూర్చుంటే ఆ బెడద తగ్గుతుంది. కాకపోతే మధ్యలో బాత్రూమ్ అన్నప్పుడు ఎనిమిది జతల మోకాళ్ళు దాటుకుంటూ వెళ్ళాలి. చంటిపిల్ల ఉన్న ఇంటివాళ్ళు దారి పక్కనే కూర్చోవడం మేలు. ఆ చివరి కుర్చీలో మాత్రం పెద్దవాళ్ళు కూర్చోండి.

మూడో పని: ఒక అంకె రాసుకోవడం

ఇప్పుడు కాగితం తీయండి. మా ఇంటి లెక్క చూపిస్తాను, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి. ఇద్దరు పిల్లలు, ఇప్పుడు ఎనిమిదేళ్ళు, ఐదేళ్ళు. పెద్దదానికి ఒక బొమ్మ: 35. చిన్నవాడికి కప్పుతో స్నో కోన్: 20. అందరూ పంచుకోవడానికి ఒక పాప్‌కార్న్: 12. మొత్తం 67. పన్ను 5 డాలర్ల 53 సెంట్లు. వెరసి 72 డాలర్ల 53 సెంట్లు.

ఇందులో ఒక కిటుకు ఉంది. 'మొత్తం 75 దాటకూడదు' అని మనసులో అనుకుంటే దాటేస్తాం, ఎందుకంటే అక్కడ ఎవరూ కూడికలు చేసుకోరు. 'మూడు వస్తువులు' అని అనుకుంటే దాటలేం. మూడు వరకూ ఎవరైనా లెక్కపెట్టగలరు, ఐదేళ్ళవాడితో సహా. అందుకే అంకె నా దగ్గర ఉంచుకుంటాను, పిల్లలకి వస్తువుల లెక్క చెప్తాను.

కొద్దిగా చిల్లర విడిగా పెట్టుకోండి, 10 డాలర్ల దాకా. ఒలికిపోయిన పాప్‌కార్న్, చలికి ఒక హాట్ చాక్లెట్, అనుకోని నీళ్ళ సీసా. ఇది పిల్లలకి చెప్పే డబ్బు కాదు. చెప్పారో, అది ఖర్చయిపోయినట్టే.

ఒకే ఇంట్లో ఒకరికి 35 డాలర్ల బొమ్మ, ఇంకొకరికి 20 డాలర్ల స్నో కోన్ అంటే అన్యాయం కాదా అని మా ఆవిడ అడిగింది. పిల్లలు డాలర్లలో పోల్చుకోరు. 'నాకొకటి, దానికొకటి' అని పోల్చుకుంటారు. మీ పిల్లలు ధరలు చదివే వయసుకి వచ్చి ఉంటే మాత్రం ఇద్దరికీ సమానంగా ఇంతని చెప్పేయడమే మంచిది. పదేళ్ళ పిల్లకి 30 డాలర్లు నీవి, మిగిలింది నీకే అన్నామంటే ఆ పిల్ల కౌంటర్ దగ్గర మనకంటే గట్టిగా ఆలోచిస్తుంది.

నాలుగో పని: పిల్లలతో ముందే మాట్లాడటం

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, షోకి మూడు నాలుగు రోజుల ముందు ఇంట్లో జరగాలి. కారులో కాదు. కారులో చెప్తే అప్పటికే వాళ్ళ మనసు మంచు మీద ఉంటుంది.

మేము కూపన్లు చేస్తాం. పాత పోస్టు కవర్లు కత్తిరించి, ఒక్కొక్కరికి ఒక ముక్క. దాని మీద ఏం కావాలో వాళ్ళే బొమ్మ గీస్తారు. మావాడు మొదట ఒక గుండ్రటి తలా, దాని మీద కొండలా నీలిరంగు మంచూ గీశాడు. స్నో కోన్ అన్నమాట. మర్నాడు మనసు మార్చుకుని వెనకవైపు కత్తి గీశాడు. ఆ మర్నాడు మళ్ళీ స్నో కోన్. నేను ఏమీ అనలేదు. మనసు మార్చుకునే పనేదో వంటింటి బల్ల దగ్గరే అయిపోతే కౌంటర్ దగ్గర లైను ఆగదు కదా! శుక్రవారం రాత్రి కల్లా కత్తి మీద గీత కొట్టేశాడు. శనివారం ఇంటర్వెల్‌లో కూపన్ తీసి కౌంటర్లో ఉన్నామెకి తనే ఇచ్చాడు. ఆమెకి ఏమీ అర్థం కాలేదు, నవ్వి తీసుకుంది. నేను వెనక నుంచి కార్డు తాకించాను. వాడి దృష్టిలో ఆ స్నో కోన్ వాడు కొనుక్కున్నదే.

ఇంతకీ కూపన్ ఎందుకు, డబ్బే ఇవ్వొచ్చుగా అంటే, ఇప్పుడు చాలా అరీనాల్లో నోట్లు తీసుకోరు. కార్డో ఫోనో ఉండాలి. కొన్నిచోట్ల నోట్లు వేస్తే కార్డు ఇచ్చే యంత్రాలు ఉన్నాయి గానీ, పిల్లల్ని వెంటబెట్టుకుని దాని దగ్గర నిలబడటం అదనపు తలనొప్పి. పైగా చిన్నపిల్లలకి కార్డు అంటే తాకించిన కొద్దీ వస్తువులిచ్చే మంత్రం. కూపన్ అలా కాదు. ఇచ్చేస్తే చెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చెయ్యి చూసుకుంటేనే అయిపోయిందన్న సంగతి వాళ్ళకి తెలుస్తుంది.

ఒక్కమాట. ఒప్పందంలో 'అక్కడికెళ్ళాక చూద్దాం' అనే మాట ఉండకూడదు. మన ఇళ్ళలో అది 'వద్దు' అనడానికి మర్యాద మాట, పిల్లలకి మాత్రం 'సరే' అని వినిపిస్తుంది.

ఐదో పని: ఇంటి నుంచి తీసుకెళ్ళేవి

చలికోటు. అరీనా లోపల చల్లగా ఉంటుంది, మంచుకి దగ్గర సీట్లలో మరీనూ. టెక్సస్‌లో బయట ఎండ మండుతోందని పొట్టి చేతుల గౌనులో తీసుకెళ్తే గంటలో వణుకు మొదలవుతుంది. అప్పుడు చేతికి దొరికేది షో కౌంటర్లో స్వెట్ షర్టు. దాని ధర చూస్తే మనకీ వణుకు వస్తుంది. ఇంట్లో పడి ఉన్న పాత స్వెట్టర్లు రెండు, తాతలో అమ్మమ్మలో వెంట ఉంటే ఒక శాలువా పట్టుకెళ్ళండి.

వెలిగే బొమ్మ ఒకటి. డాలర్ ట్రీ, టార్గెట్, ఫైవ్ బిలో దుకాణాల్లో వంచితే వెలిగే గ్లో స్టిక్కులు, లైట్ల దండాలు దొరుకుతాయి. డాలర్ ట్రీలో చాలావాటి ధర ఇప్పుడు రెండు డాలర్ల లోపే. లైట్లు ఆర్పగానే హాలంతా మిణుగురుల్లా వెలుగుతుంటే, చేతిలో ఏమీ లేని పిల్ల దిగాలు పడటం సహజం. ఆ క్షణానికి చేతిలో ఏదో ఒకటి వెలుగుతుంటే చాలు, అది రెండు డాలర్లదా నలభై డాలర్లదా అన్నది చీకట్లో కనపడదు. అయితే దీన్ని ఇంట్లో చూపించకండి. చూపిస్తే షోకి ముందే దాని సరదా తీరిపోతుంది. లైట్లు ఆర్పే ముందు సంచిలోంచి తీయండి.

తడి రుమాళ్ళు ఒక ప్యాకెట్, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచులు రెండు. స్నో కోన్ కప్పు అడుగున ఎప్పుడూ అంగుళం ఎత్తున నీలం పాకం మిగులుతుంది. అది కారు సీటు మీద ఒలికితే శుభ్రం చేయించడానికయ్యే ఖర్చుతో ఇంకో షో చూడొచ్చు.

బయటి తిండి సాధారణంగా లోపలికి రానివ్వరు. పసిపిల్లల పాలు, ఆరోగ్య కారణాలున్నవాళ్ళ ఆహారం లాంటివాటికి మినహాయింపులు ఉంటాయి. ఖాళీ నీళ్ళ సీసా సంగతి, బ్యాగు ఎంత ఉండాలి, పారదర్శకంగా ఉండాలా అన్న సంగతి ఒక్కో అరీనాది ఒక్కో పద్ధతి. ముందురోజు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. గేటు దగ్గర బ్యాగు వెనక్కి పంపితే మళ్ళీ కారు దాకా నడక.

లోపలికి రానివ్వకపోతేనేం, కారులో తినొచ్చుగా! మేము పార్కింగ్‌లో డిక్కీ తలుపెత్తి పులిహోర తినేసి వెళ్తాం. పక్క కారు దగ్గర ఇంకో తెలుగువాళ్ళు పెరుగన్నం డబ్బా తెరుస్తూ కనిపించారు. పచ్చడి ఇచ్చి పుచ్చుకున్నాం.

ఆరో పని: డబ్బు జారే నాలుగు చోట్లు

లోపలికి అడుగుపెట్టగానే మొదటి చోటు. గేటు దాటిన వెంటనే వరసగా బొమ్మల కౌంటర్లు, అన్నీ వెలుగుతూ తిరుగుతూ. ఇక్కడే మా నాన్న రూలు పనికొస్తుంది. 'చూద్దాం రండి' అని నేనే ఆపుతాను. తల వంచుకుని ఈడ్చుకెళ్తే పిల్లలకి ఆ కౌంటర్ మీదే ధ్యాస ఉండిపోతుంది. ఐదు నిమిషాలు నిలబడి అన్నీ చూపించి, ధరలు చదివి, పెద్దదాన్ని రెండు బొమ్మల్లో ఒకటి ఎంచుకోమంటాను. లైట్ల బొమ్మే కావాలంటే ఇక్కడే కొనేస్తాం. షో మొత్తం ఆడుకుంటుంది కాబట్టి డబ్బుకి న్యాయం జరుగుతుంది. మెత్తటి బొమ్మో, టీషర్టో అయితే ఇప్పుడు కొనం. వచ్చేటప్పుడు.

రెండోది, సీట్లలో కూర్చున్నాక షో మొదలయ్యేలోపు. అన్నిటికంటే ప్రమాదకరమైన పావుగంట ఇది. చేసే పని ఉండదు, ఎదురుగా ఖాళీ మంచు, చుట్టూ తిరిగేవాళ్ళ చేతుల్లో బొమ్మలు. కాబట్టి గంట ముందు వెళ్ళకండి. తనిఖీ లైను, బాత్రూమ్, సీటు వెతుక్కోవడం కలిపి అరగంట ముందు గేటు దగ్గరుంటే సరిపోతుంది. మిగిలిన కాస్త సమయానికి మంచు మీదికి ఏ కార్టూన్ పాత్ర ముందొస్తుందో పందెం వేయండి.

మూడోది ఇంటర్వెల్. ఇరవై నిమిషాల్లో అరీనా అంతా ఒకేసారి బాత్రూమ్‌కీ కౌంటర్లకీ కదులుతుంది. మీ దగ్గర తినే కూపన్ ఉంటే ఇద్దరు పెద్దవాళ్ళు పని పంచుకోవాలి: ఒకరు పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలి, ఒకరు లైనులో నిలబడాలి. లైను పొడుగ్గా ఉంటే రెండో సగం మొదలయ్యాక పది నిమిషాలకి వెళ్ళండి, కౌంటర్లు ఖాళీగా ఉంటాయి. స్నో కోన్ ఇంటర్వెల్‌కి ముందు వద్దు. అది తిన్న ఇరవై నిమిషాలకి బాత్రూమ్ అంటారు, అదీ మంచి సీను నడుస్తున్నప్పుడు.

నాలుగోది బయటికి వచ్చే దారి. షో అయ్యాక కూడా కౌంటర్లు కాసేపు తెరిచే ఉంటాయి. 'వచ్చేటప్పుడు' అని మాటిచ్చినవి ఇక్కడ కొనాలి, మాట తప్పకూడదు. తప్పితే వచ్చే ఏడు ఆ మాట చెల్లదు. కానీ మా అనుభవంలో మూడుసార్లలో రెండుసార్లు పిల్ల ఆ బొమ్మ సంగతే మర్చిపోయింది. మర్చిపోతే గుర్తుచేయాలా వద్దా అన్నది మీ మనస్సాక్షికి వదిలేస్తున్నాను. నేను గుర్తుచేయను.

కొన్నిచోట్ల అరీనా బయట కాలిబాట మీద కూడా లైట్ల బొమ్మలు అమ్ముతుంటారు. ఇక్కడ నోట్లు చెల్లుతాయి, బేరమూ నడుస్తుంది. నాంపల్లి గుర్తొచ్చి నేను 20 చెప్పినదాన్ని 12కి తెచ్చాను. మా ఆవిడ పక్కకి తిరిగి నిలబడింది. వెళ్తూ కొంటేనే ఇది లాభం, అదీ మన్నిక మీద ఆశ పెట్టుకోకపోతే.

తినేవాటిలో ఏది నయం

పోయినసారి ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య గారిని కూడా తీసుకెళ్ళాం. మనవడి స్నో కోన్ చూసి "ఎంత బాబూ ఇది?" అన్నారు. ఇరవై డాలర్లన్నాను. ఆవిడ పెదాలు కదిలాయి, ఎనభై ఐదుతో హెచ్చవేస్తున్నారు. "గిన్నెడు మంచుకి పదిహేడొందలా! మా ఊళ్ళో ఐస్ గోలా బండినే కొనేయొచ్చు" అన్నారు. మిగతా షో అంతా వాడు ఒక్క చెంచా పారబోయకుండా కాపలా కాశారు.

నిజానికి ఆ ఇరవైలో మంచు ఖరీదు కొద్ది, కప్పు ఖరీదే ఎక్కువ. కాబట్టి కప్పు ఇంట్లో వాడతారా అన్నదే ప్రశ్న. మావాడు రెండేళ్ళుగా పాలు అందులోనే తాగుతున్నాడు, కనక మా ఇంట్లో అది గిట్టుబాటు. పీచు మిఠాయి అలా కాదు. తినేది గుప్పెడు పంచదార, దానికి అతికించిన టోపీ మర్నాటికి మంచం కింద. పిల్లకి ఆ టోపీయే కావాలంటే సరే, లేకపోతే వదిలేయండి. పాప్‌కార్న్ నలుగురు పంచుకోవచ్చు, బట్టలు పాడుకావు. తిండి ఒక్కటే కొనాలంటే నేను దానికే ఓటేస్తాను.

శాకాహారులు వెంట ఉంటే పాప్‌కార్న్, మెత్తటి ప్రెట్జెల్ (ముడి వేసినట్టుండే రొట్టె) నిశ్చింత. ఫ్రైస్ మాత్రం అడిగి తీసుకోండి, చికెన్ ముక్కలు వేయించిన నూనెలోనే వేయిస్తుండొచ్చు. అత్తయ్య గారి లాంటివాళ్ళకి ఆ సంగతి తిన్నాక తెలియడం కంటే ముందు తెలియడమే అందరి ఆరోగ్యానికీ మంచిది.

ఏడో పని: బొమ్మ చేతిలో పెట్టుకుని చూడటం

డబ్బు ఇచ్చాక కౌంటర్ వదిలే ముందే బొమ్మ వేసి చూడండి. అన్ని లైట్లూ వెలుగుతున్నాయా, తిరుగుతోందా, మీట గట్టిగా ఉందా. నమూనాగా బయట వేలాడదీసినది ఇవ్వబోతే కొత్తది అడగండి. పొద్దుటి నుంచి వందమంది నొక్కినదాని బ్యాటరీ ఎంతని ఉంటుంది! ఒక షోలో మాకిచ్చిన దండం ఇంటర్వెల్‌కే ఆరిపోయింది. రసీదు చూపిస్తే మార్చి ఇచ్చారు. రసీదు పారేసి ఉంటే ఏమయ్యేదో. అప్పట్నుంచి కాగితం రసీదు అడిగి తీసుకుని టికెట్లున్న ఫోన్ కవర్లోనే పెడుతున్నాను.

ఇంకొకటి, బ్యాటరీ మూత ఎలా ఉందో చూడండి. మామూలు ట్రిపుల్ ఏ బ్యాటరీలు పట్టేదైతే ఏళ్ళ తరబడి వాడొచ్చు. బిళ్ళ బ్యాటరీలదైతే మార్చడం కష్టం, పైగా ఇంట్లో పాకే పిల్లలుంటే ఆ బిళ్ళ మింగితే ప్రాణం మీదికొస్తుంది. స్క్రూ బిగించి ఉందో లేదో తప్పకుండా చూసుకోండి.

ఇంటికొచ్చాక

కారులో ఎలాగూ నిద్రపోతారు. ఆ లైట్ల బొమ్మతో ఒక వారం ఆడనిచ్చి, పక్కన పడేశారని గమనించగానే బ్యాటరీలు తీసేసి, ఒక సంచిలో వేసి పై అరలో దాచండి. బ్యాటరీలు లోపలే వదిలేస్తే కారి, తుప్పుపట్టి ఏడాదికల్లా పాడవుతుంది. మళ్ళీ షో వచ్చినప్పుడు కొత్త బ్యాటరీలు వేసి తీసుకెళ్ళొచ్చు. పాత బొమ్మ తెచ్చారేమని గేటు దగ్గర మమ్మల్నెవరూ అడగలేదు.

మొన్నటి షోకి అలాగే తీసుకెళ్ళాం. లైట్లు ఆరగానే మా పెద్దది రెండేళ్ళనాటి దండం తిప్పడం మొదలుపెట్టింది. వెనక వరసలో ఒక పిల్ల వాళ్ళమ్మ చెయ్యి లాగి, "నాకు అలాంటిది కావాలి" అని ఇంగ్లీషులో గొడవ మొదలుపెట్టింది. ఆ తల్లి లేచి కౌంటర్‌కి వెళ్ళొచ్చింది. కొత్త దండాలు వేరే రంగట. అలాంటిది ఎక్కడ దొరికిందని నన్ను అడిగింది.